నలభై ఒకటో నంబరు ఈత చెట్టు

మీ బొమ్మల వెనక స్ఫూర్తి ఏమిటో రాసి ఇవ్వండి అని మా మనవరాలి బడిలో టీచరమ్మ అడిగింది. బడిలో నా బొమ్మలు నాలుగు గోడకు తగిలిస్తారట, పక్కన ఈ కాగితం అతికిస్తారట. నేను నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి, అదీ నిజాం కాలంలో, ఉర్దూలో. తెలుగు తర్వాత దుకాణాల బోర్డులు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఉత్తరాలు తప్ప ఇంతవరకూ ఏదీ రాయలేదు. తప్పులుంటే నావి. ఎక్కువైతే మాత్రం అడిగినవాళ్లది తప్పు.

ముందే చెబుతున్నాను, పొద్దు పొడవడం చూసి నా మనసేమీ ఉప్పొంగలేదు. నా స్ఫూర్తి డబ్బా అడుగున మిగిలిన తెల్ల రంగు.

నిజాం సర్కారు చివరి రోజుల్లో మెదక్‌లో నా పని ఈత చెట్లకు నంబర్లు వేయడం. కల్లు గీసే ప్రతి చెట్టుకూ సర్కారుకు పన్ను కట్టాలి, అందుకని ప్రతి చెట్టుకూ ఒక నంబరు. మొద్దు మీద కాస్త బెరడు చెక్కి, తారు పూసి, అది ఆరాక తెల్ల రంగుతో అంకె రాయాలి. మా వాడలో ఒక్క ఇంటికీ నంబరు లేదు. మేం ఉన్నామో పోయామో సర్కారుకు తెలియదు. చెట్టు ఎండిపోతే మాత్రం వారంలో మనిషిని పంపేది.

సాయంత్రానికి డబ్బాలో మిగిలిన రంగు పారబోయడానికి మనసొప్పేది కాదు. ఇంటికి తెచ్చేవాణ్ణి. నీలానికి బట్టలకు పెట్టే నీలిమందు, ఎరుపుకు గడపకు పూసే జాజు, నలుపుకు చెట్లకు పూయగా మిగిలిన తారు. పసుపు వంటింట్లో ఉండనే ఉంది. కూర తెల్లగా ఉందంటే ఆ వారం నా బొమ్మలో వరి పండిందన్నమాట. బట్టల దుకాణంలో తానుల మధ్య వచ్చే అట్టలు అడిగి తెచ్చుకునేవాణ్ణి. ఈత మట్ట చివర నలగ్గొట్టి కుంచె చేసుకునేవాణ్ణి.

మెదక్‌లో బొమ్మలు వేస్తానంటే ఎవరైనా రెండే అడుగుతారు. ఖిల్లా వేశావా, చర్చి వేశావా. చర్చికి కిటికీలు ఎక్కువ, నా కుంచెకు పోచలు తక్కువ. ఖిల్లా ఎక్కితే, ఎందుకెక్కావని పోలీసులు అడిగే రోజులవి. అందుకని నేను హవేలిఘనపూర్ దారిలో ఉన్న ఈత వనమే వేసేవాణ్ణి. రోజూ నా కళ్ల ముందు ఉండేది అదే. అందులో ప్రతి చెట్టూ నాకు నంబరుతోనే తెలుసు. కాబట్టి బొమ్మలో కూడా ప్రతి చెట్టు మీదా దాని నంబరు వేశాను. మనిషి బొమ్మ వేసి ముక్కు వదిలేస్తామా? నాకు ఆ అంకె చెట్టుకు ముక్కులాంటిది.

ఇంత తెలివైన పని నేను మళ్లీ చేయలేదు.

ఆ ఏడు కల్లు మీద సర్కారుకు వచ్చే ఆదాయం పోగొట్టాలని చెట్లు నరకడం మొదలైంది. సత్యాగ్రహం చేసేవాళ్లు నరికారు, సంఘం వాళ్లు, అంటే కమ్యూనిస్టులు, నరికారు. ఒకరోజు తెల్లారేసరికి మా వనంలో ఇరవై చెట్లు నేల మీద ఉన్నాయి. పోలీసులకు ఎవరో ఒకరు దొరకాలి. నంబర్లు వేసేవాడికంటే దగ్గరివాడు ఎవడున్నాడు? మా ఇల్లు వెతికారు. తుపాకీ దొరకలేదు, కరపత్రం దొరకలేదు. గోడకున్న బొమ్మ దొరికింది. నన్నూ దాన్నీ కలిపి తీసుకెళ్లారు. అప్పుడు నా భార్యకు నెలలు నిండాయి, ఇవాళో రేపో కాన్పు. ఇంట్లో ఇంకో మనిషి లేరు. జైలుకు పంపితే ఆమె గతేమిటన్నది ఒక్కటే నా బుర్రలో తిరుగుతోంది.

ఠాణాలో అమీన్ సాబ్, అంటే ఇప్పటి ఎస్సై, అట్టను బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాడు. నా బొమ్మను అంత శ్రద్ధగా చూసిన మొదటి మనిషి ఆయనే.

“క్యా హై యే? గిదేందిరా?”

“బొమ్మ, హుజూర్.”

“బొమ్మల నంబర్లెందుకున్నయ్?”

“చెట్లకున్నయి గద హుజూర్.”

“చెట్లకు సర్కారు ఏపిచ్చింది. అట్ట మీద ఎవలేపిచ్చిండ్రు? ఏ చెట్టు నరకాల్నో సంఘపోళ్లకు పట్టీ పంపుతున్నవా?”

“లేదు హుజూర్. సోకుకు ఏసుకున్న.”

“సోకుకు పువ్వులు గీస్తరు, నెమళ్లను గీస్తరు. ఈత చెట్లను గీసుడేందిరా?”

నా బొమ్మల గురించి ఇంతకంటే సరైన మాట ఇప్పటికీ ఎవరూ అనలేదు.

“నడువ్, వనం కాడికి పోదాం,” అన్నాడు అమీన్. “అంతా కలిస్తే గిది నక్షా. కలవకపోతే గిది ఇషారా. ఏదైనా జైలే.”

కలిస్తే పటం, కలవకపోతే రహస్య సంకేతం. న్యాయం అంత తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు.

వనంలో కల్లు గీసే ముసలాయన ఒకడు నరికిన చెట్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయనకు చదువు రాదు. అమీన్ అట్టను ఆయన మొహం ముందు పెట్టి, ఇదేమిటో చెప్పమన్నాడు. ముసలాయన కళ్లు చిట్లించి చూసి, నలభై ఒకటో నంబరు చెట్టు మీద వేలు పెట్టాడు.

“అరే, గిది నేనెక్కే చెట్టు గాదుండ్రి?”

“నంబరు సదువొస్తదా నీకు?”

“నంబరెవనికి గావాలె సాబ్? గాట్లు జూడుండ్రి. గీ ఒంకర జూడుండ్రి. కిందికెళ్లి మూడో గాటు మా నాయిన గీసింది, జర లోతెక్కువ వడ్డది. గీ పిలగాడు అచ్చం గట్లనే దించిండు.”

ఈత చెట్టును ఒక ఏడు ఒక వైపు గీస్తే, మరుసటి ఏడు రెండో వైపు గీస్తారు. అందుకే మొద్దు మెట్లు మెట్లుగా వంకరపోతుంది. నేను చూసింది చూసినట్టు వేశాను, అంతే. నంబరు చూడకుండా చెట్టును గుర్తుపట్టాడు ఆ ముసలాయన. పోలీసుల మధ్య నిలబడి ఉన్నానన్న సంగతి కూడా మరిచి నేను నవ్వాను. నా నవ్వు చూసి ఆయనకు ఇంకా హుషారొచ్చింది.

“గాని పిలగా, గీ చెట్టు వాగు దిక్కు గద ఉన్నది? నువ్వు బాట దిక్కు వెట్టినవేంది? పీకి నాటినవా?”

అమీన్ నా వైపు తిరిగాడు.

నిజమే. బొమ్మలో బాట వైపు మూల బోసిగా కనిపించింది. అందుకని నలభై ఒకటిని అక్కడికి జరిపాను. అదే చెప్పాను.

“సర్కారు చెట్టును జరిపినవా?”

“అట్ట మీదనే హుజూర్.”

“ఎవలనడిగి జరిపినవ్?”

అందం కోసం అని నోటిదాకా వచ్చింది. లాఠీ చూసి మింగేశాను. అప్పుడు ముసలాయనే మళ్లీ అందుకున్నాడు.

“సాబ్, జర నా మాటినుండ్రి. గీని పట్టీ వట్టుకోని ఎవడన్న నరకడానికొస్తే బాట మీద ఏముంటది? రాయి ఉంటది. గొడ్డలి ఇరుగుతది. గిసుంటోన్ని నమ్ముకుంటే సంఘపోళ్లు ఒక్క చెట్టు గూడ కొట్టలేరు.”

అమీన్ పకపకా నవ్వాడు. జవాన్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగుండదని. చెట్టును దాని జాగాలో పెడితే వదిలేస్తానన్నాడు అమీన్. ఒక జవాను మా ఇంటి నుంచి రంగు డబ్బాలూ కుంచే తెచ్చాడు. అక్కడే కూర్చుని, ఇంకో జవాను ఎండకు అడ్డంగా నిలబడగా, వాగు వైపు ఇంకో నలభై ఒకటి వేశాను. పాతదాన్ని గోకబోతే తారు ఊడలేదు, అట్ట ఊడొచ్చింది. దాంతో బొమ్మలో నలభై ఒకట్లు రెండయ్యాయి. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఠాణాకు వెళ్లాక అమీన్ బొమ్మలోని ఆకాశం నడిమధ్యలో సర్కారు ముద్ర ఒకటి గుద్దించి, విచారణ అయిపోయింది, ఇంటికి పొమ్మన్నాడు.

నాలుగో రోజు ఆడపిల్ల పుట్టింది. నేను ఇంట్లోనే ఉన్నాను.

బొమ్మను మళ్లీ గోడకు తగిలించాను. చూసేవాళ్లు చెట్లను వదిలేసి ముద్రనే చూసేవాళ్లు. పోలీసులు పాస్ చేసిన బొమ్మ జిల్లాలో ఇంకెవరింట్లో ఉంది? నేను కూడా కొంచెం గొప్పగానే తిరిగాను.

వానలు తగ్గేలోపలే యూనియన్ మిలటరీ, అంటే ఇండియా సైన్యం, వచ్చింది, నిజాం సర్కారు పోయింది. మొన్నటిదాకా ఆ సర్కారు ముద్రలు చూపించుకుని తిరిగినవాళ్లు రాత్రికి రాత్రి వాటిని పొయ్యిలో పెట్టారు. మా వాడలో రెండు రోజులు ఒకటే పొగ. నా భార్య పిల్లను ఒళ్లో వేసుకుని గోడ వైపు చూపించింది.

“గా ముద్దర జూస్తే మిల్ట్రీవోళ్లు ఏమనుకుంటరు? పాత సర్కారు మనిషివని గుంజుకపోతరు. తీసెయ్.”

“ముద్దర ఆకాశంల ఉన్నదే. ఎట్ల తీస్తరు?”

“ఆకాశమే తీసెయ్.”

“ఆకాశం లేకుంటే బొమ్మ ఎట్లయితది?”

“నువ్వు లేకుంటే ఇల్లెట్లయితది?”

కత్తెర తెచ్చాను. చెట్ల తలలు తెగకుండా, మట్టల అంచు వెంట మెల్లగా కత్తిరించాను. వారం రోజులు నీలిమందు అరగదీసి వేసిన ఆకాశం పొయ్యిలోకి పోయింది. దాని మంట మీద పిల్లకు నీళ్లు కాగాయి. మిగిలిన ముక్కను మళ్లీ మేకుకు తగిలించాను.

రెండు రోజుల తర్వాత మా వాడలోకి సిపాయిలు వచ్చారు. ఒకడు మా గుమ్మం ముందు ఆగి, నీళ్లిమ్మన్నాడు. నా భార్య చెంబు ఇచ్చింది. నేను బొమ్మకు పక్కగా నిలబడ్డాను. ఎవరు వేశారని అడిగితే చెప్పడానికి హిందీలో రెండు మాటలు తయారుగా పెట్టుకున్నాను. అతను గోడ వైపు తిరిగే నిలబడి నీళ్లు తాగాడు, బొమ్మ సంగతి ఎత్తకుండానే చెంబు తిరిగిచ్చాడు, హిందీలో ఏదో అని వెళ్లిపోయాడు.

“ఏమన్నడు?” అంది నా భార్య.

“మన బాయి నీళ్లు ఉప్పగున్నయన్నడు,” అన్నాను.