రేకు మీద నిమ్మచెక్క

మా తాతలు తిప్పిన కత్తి అమ్ముడుపోయి చేతులు మారాక, ఆయుధపూజలో పెట్టడానికి నా రేకులు తప్ప ఇంకేమీ మిగల్లేదు. విరిగిన రంపం ముక్కలతో చేసుకున్న పలచటి ఉక్కు రేకులు అవి. వాటితో చెక్కను గీకి, తంబురా పైపలక మందాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తాం. ఆకురాయితో అంచును సమం చేసి, సానరాయి మీద రుద్ది, గట్టి ఉక్కు కడ్డీతో నొక్కి లాగితే ఆ అంచు కంటికి ఆననంతగా పక్కకు వంగుతుంది. కోసేది ఆ వంపే. అది సరిగా ఉంటే ఉల్లిపొర లాంటి పొర లేస్తుంది. లేకుంటే పొట్టు రాలుతుంది.

సాగర్ కాలవలు తవ్వుతున్న రోజులు. నరసరావుపేటలో అద్దె ఇంటి వసారాలో పనిచేసేవాణ్ణి. అప్పుడు చేస్తున్న తంబురాకు పైపలక మా పాత ఇంటి ఉయ్యాల బల్లలోంచి కోసిన పనస చెక్క. పగిలితే అలాంటిది మళ్ళీ దొరకదు. తంబురా చేసిపెట్టమని అడిగినవాడు ఒకప్పుడు మా బండి తోలిన మనిషి కొడుకు, ఇప్పుడు పొగాకు వ్యాపారి. విజయదశమి నాడు మధ్యాహ్నం లోపల కూతురికి సంగీతం మొదలుపెట్టించాలని అతని పట్టు. మెరుగు తర్వాత పెట్టవచ్చు, నాదం మాత్రం ఆ రోజుకు పలకాలి. పలక ఒకవైపు ఇంకా మందంగా ఉండి మోత మొద్దుగా వస్తోంది.

ముందురోజు నవమి. మా అమ్మ కత్తికి చేసినట్టే రేకులకూ చేసింది: పసుపు పూసి, నిమ్మకాయ కోసి, చెక్కలకు కుంకుమ అద్ది ఒక్కో రేకు మీద ఒక్కోటి బోర్లించింది. నేను చూసేసరికి సాయంత్రమైంది; నిమ్మపులుపు అంత పలచటి ఉక్కు అంచును తినేస్తుంది. కానీ పూజలో పెట్టింది మర్నాటి దాకా కదపడం మా ఇంట్లో లేదు. అన్నీ పోయినా అది పోనివ్వకూడదనుకుని ఊరుకున్నాను.

పొద్దున వ్యాపారి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. అతన్ని ఏమని పిలవాలో తేలక, పిలవకుండానే మాట్లాడేవాణ్ణి.

"ఏంది దొరా, ఇంకా తెమల్లేదా? అవతల పంతులుగారు వచ్చి కూచున్నాడు."

నిమ్మచెక్క తీసి రేకు తుడిచి, తొందరలో ఒక్క లాగు లాగాను. పలక మీద జానెడు గీత పడింది. రేకును వెలుగులో పెట్టి చూస్తే అంచు నల్లబడి, పురుగు కొట్టిన ఆకులా ఉంది. మిగతావీ అంతే.

ఆకురాయి తీసుకున్నాను.

"ఇప్పుడు నూరతావా? కత్తులు తిప్పిన వంశం గదా, రాత్రే నూరి పెట్టుకోబళ్ళా?"

కారణం చెబితే అమ్మ పేరు రావాలి. అంచు నల్లదనం పోయేదాకా అరగదీశాను. గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ నా వేళ్ళకంటిన నలుపు చూసి ముందుకొచ్చింది.

"వాణ్ణేమీ అనమాక నాయనా. నిమ్మకాయ పెట్టింది నేను. కత్తంటే మందం, ఓర్చుకునేది. ఇది ఓర్చుకోలా."

అతను లేచి నిలబడి, "నేనేమన్నాలే అమ్మగారూ, ఏదో ఎకసెక్కానికి" అని మళ్ళీ కూర్చున్నాడు. ఆ తర్వాత ఎండ వంక చూస్తూనే ఉన్నాడు.

కడ్డీతో అంచు వంచి, పలక మీద రేకు ఆనించాను. పొర లేచింది. ఒక లాగు, వేలితో తట్టి వినడం, మళ్ళీ ఒక లాగు. మొద్దుదనం పోతోంది, గీతా చెరుగుతోంది. చివర గోరంత మిగిలింది. అక్కడ బొటనవేలితో నొక్కితే పలక లోపలికి కుంగింది. ఇంకొక్క పొర తీస్తే గీత పోతుంది, పలకా పోవచ్చు. మచ్చ ఉన్న వస్తువు మా ఇంట్లోంచి గడప దాటడమా అని, రేకు దించబోయిన చెయ్యి ఆగింది. పలకను మళ్ళీ నొక్కి చూశాను, మళ్ళీ కుంగింది.

రేకు కింద పెట్టి తీగలు బిగించాను. శ్రుతి పలికింది. గది నిండా పలికింది.

అతను గీత మీద వేలు పెట్టాడు. "ఇదేంది?"

"గీత. తీస్తే పలక నిలవదు."

తల ఊపి, తంబురాను పసిబిడ్డలా ఎత్తుకుని ఎండలోకి గబగబా నడిచాడు.

మరుసటి ఏడు నవమికి అమ్మ రేకులన్నీ నూనెగుడ్డలో చుట్టించి, మూట మీద బొట్టు పెట్టింది. నిమ్మచెక్కలు గడపకు అటూ ఇటూ పెట్టింది.