ఇరవై ఒకటో బండికి జాగా

ఆ ఆదివారం సాయంత్రం ఆరు గంటల ముప్పై మూడు నిమిషాలకు టీవీలో ఐదు ఎర్ర లైట్లు ఆరిపోయి కార్లు కదిలాయి. మా అన్న వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ఇరవై. ప్రతి రేసులోనూ ఇరవయ్యే ఉంటాయని తెలుసు, అయినా లెక్కపెట్టేవాడు. తర్వాత ప్రతివారం అనే మాటే అన్నాడు. ఇంకో ఆరు బండ్లకు జాగా ఉన్నది, పెట్టరు అని.

దేవరకొండలో మా ఇల్లు ఖిల్లా కింది వాడలో ఉంది. అన్న మల్లేపల్లి రోడ్డు మీద షేర్ ఆటో నడిపేవాడు. నేను ఊళ్లోని గ్రంథాలయంలో పనిచేస్తాను. తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక టైర్ల దుకాణంలో ఈ ఫార్ములా రేసులు చూసి ఆయన వాటికి అలవాటు పడ్డాడు. ఇంట్లో మొదట కేబుల్‌లో, తర్వాత నా ఫోన్‌ను టీవీకి కలిపి చూసేవాళ్లం. వ్యాఖ్యానం ఇంగ్లిషులో వచ్చేది. పక్కన కూర్చుని అర్థం చెప్పడం నా పని.

మొదటి ఏడాది ఆయనకు ఆ రేసుల మీద పెద్ద కోపం ఉండేది. ఆటో అడ్డాలో బండ్లు వరుసగా నిలబడతాయి. ఆ వరుసలో వంతును సీరియల్ అంటారు. ముందున్న బండి నిండగానే పోతుంది, తిరిగొచ్చి అందరి వెనుక నిలబడుతుంది. రేసులో కార్లు నిలబడే వరుసను కూడా అన్న సీరియల్ అనే అన్నాడు. కిందటివారం ముందున్న కారు ఈవారం వెనక్కి పోవాలని ఆయన అనుకున్నాడు. మళ్లీ అదే కారు ముందుంటే మోసమన్నాడు. "గిదేం అడ్డనే తమ్మీ? రోజు వాడే ముందట ఉంటడా? అడిగేటోడు లేడా?" ఒక రోజు ముందు గడియారం పెట్టి పరుగెత్తిస్తారనీ, ఎవరు తక్కువ సమయంలో చుట్టు తిరిగితే వాళ్లది మొదటి జాగా అనీ చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు గానీ ఆ పద్ధతి ఆయనకు నచ్చలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాది ఇరవై రెండు కార్లుండేవి. జట్లు మూతపడి ఇరవైకి వచ్చాయి. నిబంధనల్లో ఇరవై ఆరు దాకా రాసి ఉందని నేనే చదివి చెప్పాను. కొత్త జట్టు వస్తామంటే పాత జట్లు వద్దన్నాయని కూడా చెప్పాను. వాళ్లు చెప్పిన కారణాలు మూడు. వచ్చే డబ్బు ఇంకొకరితో పంచుకోవాలి. కొత్త కారు నెమ్మదిగా పోయి దారికి అడ్డం వస్తుంది. రిపేరు చేసుకునే చోట ఇరుకవుతుంది. మూడో కారణానికి గోడ జరిపితే సరిపోతుంది. రెండోది నిజమే, కానీ ఇప్పుడు ముందున్న జట్లలో చాలావరకు ఒకప్పుడు వెనుక పోయినవే. అసలు కారణం మొదటిదే. కింది స్థాయి రేసుల్లో గెలిచిన కుర్రవాళ్లు కారు దొరక్క ఖాళీగా ఉన్నారని చదివినప్పుడల్లా నాకు చిరాకు వేసేది. కొత్తవాళ్లు రావాలా వద్దా అని లోపలున్నవాళ్లను అడిగితే వాళ్లు వద్దనే అంటారు. పెంచాలని అన్న అనేవాడు, నేనూ అనేవాణ్ణి. మా ఇంట్లో ఈ విషయంలో వాదన లేదు.

ఆదివారాల్లో మాతో కూర్చునే మూడో మనిషి మా పక్కింటి భాయ్. దూది ఏకి బొంతలు, పరుపులు కుట్టేవాడు. దుకాణాల్లో స్పాంజి పరుపులు వచ్చాక ఆయనకు పని తగ్గింది. రేసు మధ్యలో టైర్లు రెండు సెకన్లలో మార్చడం చూసి, "మీ అడ్డల పంచరు ఎయ్యాలంటె పొద్దుగూకుతది గదన్నా" అని అన్నను ఏడిపించేవాడు. ఒక వేసవిలో దూది ఏకే మిషన్ అమ్మేసి పాత ఆటో ఒకటి కొన్నాడు. కొనేముందు మా అన్నను అడిగాడు. అన్న కొనమన్నాడు.

అడ్డాలో అప్పటికి ఇరవై బండ్లు. అద్దం మీద తెల్ల రంగుతో నంబర్లు రాసి ఉంటాయి. అన్నది ఏడు. అడ్డా పెద్ద కూడా ఆయనే. నంబర్ లేని బండి అక్కడ నిలబడకూడదు. భాయ్ నంబర్ అడిగితే వచ్చే నెల చూద్దామన్నాడు. మరుసటి నెల పండుగ కానీ అన్నాడు. పండుగ అయ్యాక అందరితో మాట్లాడాలన్నాడు. ఇట్లా ఐదు నెలలు గడిచాయి. భాయ్ అడ్డా దాటి, వాగు అవతల ఎండలో నిలబడి, ఎవరైనా నడిచి వస్తే ఎక్కించుకునేవాడు. అది కూడా అడ్డావాళ్లు చూస్తే గొడవే.

నేను మొదట చెప్పిన ఆదివారం ఆ ఐదో నెలలోది. అన్న లెక్కపెట్టి, జాగా గురించి ఆ మాట అన్నాడు. భాయ్ మెల్లగా అన్నాడు.

"అన్నా, ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు. గా దేశంల ఇరవై ఒకటో బండికి జాగ ఉన్నదంటవు. మన అడ్డల నాకెందుకు లేదు?"

అన్న ఆయన వైపు తిరగలేదు. "గది టీవీ భాయ్. గిది కడుపు."

"నాకున్నది గూడ కడుపే గదన్నా."

భాయ్ నవ్వుతూనే అన్నాడు. అన్న చప్పుడు పెంచమని నాకు చెప్పాడు. నేను పెంచాను. ఆ సాయంత్రం నేను చేసింది అంతే. మూడు కారణాలూ చదివి చెప్పినవాణ్ణి నేను. వాటిలో మొదటిదే ఇప్పుడు మా అన్న చెప్తున్నాడని అక్కడ అనగలిగినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే. అనలేదు. అన్నతో తర్వాత మాట్లాడదామనుకున్నాను. పెద్దవాళ్ల తప్పు నలుగురిలో చెప్పకూడదని మాకు నేర్పారు. నలుగురు లేనప్పుడు కూడా చెప్పలేదు.

అన్నకు భయం లేదని నేను అనను. ఒక్క బండి పెరిగితే ఒక్కొక్కరికి రోజుకు ఒక ట్రిప్పు తగ్గినా తగ్గుతుంది. తర్వాత ఆడవాళ్లకు బస్సులో టికెట్ తీసేసినప్పుడు ఆటోలు సగం ఖాళీగా పోవడం నేనూ చూశాను. కానీ అది తర్వాతి సంగతి. భాయ్ అడిగిన రోజుల్లో బండ్లు నిండేవి, వెనుక చెక్క మీద కూడా మనుషులు కూర్చునేవాళ్లు.

చలికాలం రాకముందే భాయ్ నారాయణపేటకు వెళ్లిపోయాడు. అక్కడ ఆయన అత్తగారిల్లు ఉంది. చెప్పడానికి వచ్చినప్పుడు అన్న ఇంట్లోనే ఉన్నాడు. మంచినీళ్లు ఇచ్చాడు. నంబర్ మాట ఇద్దరూ ఎత్తలేదు. ఆయన వెళ్లాక, జర ఓపిక పడితే అయ్యేదని అన్న మా వదినతో అన్నాడు. వదిన బియ్యం ఏరుతూ ఉంది. "ఐదు నెల్లు పట్టిండు గదా ఓపిక" అంది. అన్న చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

రెండేళ్ల తర్వాత ఒక పొద్దున అడ్డాలోనే, సీరియల్‌లో రెండో బండిగా ఉన్నప్పుడు, అన్నకు ఛాతీలో నొప్పి వచ్చింది. దవాఖానకు చేరేసరికి ప్రాణం లేదు.

నెల మాసికం అయ్యాక నేను అడ్డాకు పోయాను. ఏడో నంబర్ ఖాళీ అయింది గనుక భాయ్‌కి ఇమ్మని అడిగాను. కొత్త పెద్ద నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. "ఏడు అన్నది సార్. అన్న మీది గౌరవంతోటి ఎవ్వరికి ఇస్తలేం. పందొమ్మిదితోటే నడిపిస్తున్నం." చుట్టూ ఉన్నవాళ్లు తల ఊపారు.

నేను వాళ్లకు చెప్పడానికి ప్రయత్నించాను. రేసులో చనిపోయిన ఒక డ్రైవర్ నంబర్‌ను మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు, నిజమే. కానీ ఆపింది నంబర్ ఒక్కటే. ఆ జట్టులో ఆయన సీటు ఖాళీగా ఉంచలేదు, ఇంకొకరు ఇంకో నంబర్‌తో నడిపారు. ఏడు ఉంచుకోండి, ఇరవై ఒకటి రాయండి అన్నాను. వాళ్లు మర్యాదగా విన్నారు. చూద్దాం సార్ అన్నారు. ఆ మాట నాకు తెలుసు. అది మా అన్న మాట.

ఇంటికొచ్చి భాయ్‌కి ఫోన్ చేశాను. ఆటో అమ్మేశాడట. చీరల దుకాణంలో మూటలు కట్టే పని చేస్తున్నాడు. అన్న గురించి చాలాసేపు మంచిగా మాట్లాడాడు. నంబర్ సంగతి చెప్తే, "ఇగ ఎందుకు సార్ అదంతా" అన్నాడు. ఆయన నన్ను అంతకుముందు ఎప్పుడూ సార్ అనలేదు, తమ్మీ అనేవాడు.

ఈ ఏడాది ఆ రేసుల్లోకి పదకొండో జట్టు వచ్చింది. వాళ్లను కూడా ఏళ్ల తరబడి తిప్పారని పేపర్లో చదివాను. ఇప్పుడు ఇరవై రెండు కార్లున్నాయి. ఆకాశమేమీ విరిగిపడలేదు. ఈ సంగతి అన్నకు చెప్పాలని ఉంది. చెప్పి, మరి భాయ్ సంగతేందని అడగాలని ఉంది. చనిపోయిన మనిషి మీద కోపం పోవడానికి దారి ఏదో నాకింకా తెలియదు.

మొన్న వదిన ఒక మాట చెప్పింది. అన్న ఆటో కొన్న మొదటి రోజు, పెళ్లయిన ఏడాదే, అడ్డాలో అప్పుడున్న పది పన్నెండు మంది తమ బండ్లు వెనక్కి జరుపుకుని ఆయన బండిని ముందు నిలబెట్టారట. కొత్త బండికి మొదటి సీరియల్ ఇవ్వడం అక్కడి ఆచారం. ఆరోజు మల్లేపల్లికి మొదటి ట్రిప్పు అన్నదే.

ఇప్పుడు ఆ అడ్డాలోకి కొత్త బండినే రానివ్వరు గనుక మొదటి సీరియల్ ఇవ్వడం లేదు.