వంతెన దాటి కుడికి

వేడినీటి బుగ్గల ఊళ్ళో విశ్రాంతి రోజంటే ఊరికే పడుకోవడం కాదు. సత్రం వాళ్ళిచ్చిన యుకాతా అనే నూలు అంగీ చుట్టుకుని, చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ, ఒక స్నానశాల నుంచి ఇంకో స్నానశాలకి పొద్దుపోయేదాకా తిరగడం. షిగెజోకి ఆ తిరుగుడంటే మహా ఇష్టం.

అతను కొండల్లో ఒంటిపెట్టె రైలు నడిపి రిటైరైన మనిషి. నెమొతో, ఓబా కూడా అదే లైన్లో డ్రైవర్లు. ఆ లైను మూసేశాక ముగ్గురూ ఏటా ఆకులు ఎర్రబడే కాలంలో వేరేవాళ్ళు నడిపే రైళ్ళెక్కి దేశం తిరుగుతున్నారు, బ్రేకు వేసిన ప్రతి డ్రైవర్నీ తిట్టుకుంటూ. ఈసారి కాళ్ళు వాచేలా తిరిగి, ఈ ఊళ్ళో ఒక రోజు ఆగారు.

షిగెజోకి ఒక భయం ఉంది. స్నేహితులకి కూడా చెప్పుకోలేదు. అతని అన్నకి మతి పోయింది. ముసలితనం రెండో పసితనమని మురిసే పెద్దమనుషులు ఆ అన్నని ఒక్కసారి చూస్తే నోరు మూసుకునేవారు. ఒకరోజు పక్కింట్లోకి పోయి, వాళ్ళ బల్ల ముందు కూర్చుని, అన్నం పెట్టమన్నాడు. ఆ ఇంటావిడ వస్తే నా ఇంట్లో నీకేం పనని కేకలేశాడు. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది షిగెజోనే. ఇప్పుడు తాళంచెవి కనపడకపోయినా, కుళాయి కట్టడం మరిచినా, అతనికి ఆ అన్నే గుర్తొస్తాడు.

ఆ మధ్యాహ్నం స్నానశాల నీళ్ళలోంచి నెమొతో ముందు లేచాడు. "ఒరేయ్ షిగే, ఇంకాసేపుంటే ఉడికిన గుడ్డువైపోతావు. మేం గదికి పోతున్నాం."

"పొండిరా. మీ సొద లేకపోతే నీళ్ళు ఇంకా బాగుంటాయి."

కాసేపటికి తనూ లేచాడు. ఆవిరికి మసకేస్తుందని కళ్ళజోడు గదిలోనే వదిలేసి వచ్చాడు. బుట్టలోని అంగీ వైపు వేలు చూపించి, "నీలం చారలు, సరే!" అని పైకే అని, కాస్త వదులుగా ఉన్నా చుట్టేసుకున్నాడు. సిగ్నల్ని అలా వేలితో చూపించి చెప్పీ చెప్పీ, డ్రైవర్లకి ఇంట్లో గ్యాసు కట్టేటప్పుడు కూడా అదే అలవాటు.

ఆ ఊళ్ళో స్నానశాల గుమ్మం దగ్గర చెప్పులు చూసేవాడికి మనిషి మొహంతో పనిలేదు. అంగీ మీది అచ్చు చూసి ఏ సత్రమో చెప్పేస్తాడు. షిగెజో ఒంటి మీది చారలు చూసి, వాడు చెప్పులు తెచ్చిపెట్టాడు.

"వంతెన దాటి కుడికి, పెద్దాయనా. మెట్లు జారతాయి, చూసుకోండి."

షిగెజో ఆగాడు. "ఎడమకి కదూ?"

"కుడికేనండీ. మీ సత్రం నాకు తెలీదా?"

అంత ధీమాగా చెబితే కాదనడమెలా? కుడికి తిరిగాడు. సత్రం గుమ్మంలో పనమ్మాయి వంగి దణ్ణం పెట్టింది. "వచ్చారా అండీ! గదిలో టీ సిద్ధంగా ఉంది." మెట్లెక్కాడు. రెండో అంతస్తు, చివరి గది. అంతవరకూ బాగానే గుర్తుంది. తలుపు పక్కకి జరిపాడు.

తన సంచీ లేదు. ఓబా టోపీ లేదు. మూలన ఎవరిదో గోధుమరంగు పెట్టె ఉంది. కళ్ళజోడు కోసం బల్లంతా తడిమాడు. చేతికి ఎవరివో మందుబిళ్ళలు తగిలాయి.

"నెమొతో?" అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయారా? అసలు ఈ ఊరికి వచ్చింది వాళ్ళతోనేనా, లేక అది కిందటేడాదా? చెమట పట్టి అంగీ వీపుకి అంటుకుంది. కిందకెళ్ళి అడగొచ్చు. కానీ అడిగితే తెలిసిపోతుంది. అన్న కూడా మొదట్లో ఇలాగే దాచాడు.

కూర్చున్నాడు. టీ వంచుకుంటే సగం బల్ల మీద పడింది. తన లైన్లోని స్టేషన్లు వరసగా చెప్పుకోసాగాడు, మతి ఉందో లేదో తేల్చుకుందామని. సొరంగం దాటాక వచ్చే స్టేషను పేరు గుర్తు రాలేదు. మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. అన్న జబ్బు రావడమంటే ఇదన్నమాట, అనుకున్నాడు. ఇంత మామూలుగా వస్తుందన్నమాట.

తలుపు జరిగింది. మోకాళ్ళ దాకానే ఉన్న చారల అంగీలో ఒక భారీ మనిషి. అతని వెనక నెమొతో, ఓబా.

"అయ్యా, ఇది నా గది. నా అంగీ నాకిచ్చేస్తారా?" అన్నాడు ఆ భారీ మనిషి. "బుట్టల్లో ఇదొక్కటే మిగిలింది. దీన్ని చూసి చెప్పులబ్బాయి మీ సత్రం చూపించాడు, అక్కడివాళ్ళు మీ గదికి పంపారు."

ఓబా నవ్వాపుకోలేక గోడకి ఆనుకున్నాడు. "మనవి వెడల్పు చారలురా, ఇవి సన్నవి, గుడ్డోడా! ఈయనొచ్చి మన గదిలో నిలబడితే, నువ్వే ఉబ్బిపోయావనుకున్నాం!"

నెమొతో నవ్వలేదు. బల్ల మీద ఒలికిన టీ చూశాడు. "ఏంట్రా, మొహం అలా అయింది?"

"అన్నకొచ్చింది నాకూ వచ్చిందనుకున్నాను," అన్నాడు షిగెజో.

ఓబా నవ్వు ఆగింది. "ఛ, అలాంటివి నోట్లోంచి రానీకు. మనసు నిర్మలంగా పెట్టుకుంటే..."

"నువ్వు నోర్ముయ్," అన్నాడు నెమొతో. "షిగే, చెప్పులవాడు ఎటన్నాడు?"

"కుడికన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఎడమకన్నాను."

"మన సత్రం ఎటుంది?"

షిగెజో ఆలోచించాడు. "ఎడమకే."

"మరి? నీ బుర్ర సరిగ్గానే చెప్పింది. ఎవడో చెయ్యూపితే బండి తిప్పేశావు. కంటికి మందేయించుకో, మతికి కాదు."

"ఈసారికి సరే," అన్నాడు షిగెజో. "నిజంగా వచ్చిన రోజున మీరిద్దరూ గొంతు తగ్గించి గుసగుసలాడుకోకూడదు. నా మొహం మీదే చెప్పాలి."

"చెప్తాను. నాకు ముందొస్తే నువ్వు చెప్పు."

ఓబా కిటికీలోంచి వంతెన వైపు చూస్తున్నాడు. "నాకు మాత్రం చెప్పొద్దురా," అన్నాడు. "నాకు తెలియకపోతేనే నయం."

షిగెజో, ఆ భారీ మనిషి గోడవైపు తిరిగి అంగీలు మార్చుకున్నారు. షిగెజో చేతులు నడికట్టు ముడి వెయ్యలేకపోతే నెమొతో వేశాడు.

సాయంత్రం నదిగట్టు స్నానశాలకి వెళ్ళారు. నీళ్ళు అద్భుతంగా ఉన్నాయి. ముగ్గురూ కలిసే దిగారు, కలిసే లేచారు. ఇంకాసేపు ఉంటానని ఎవరూ అనలేదు.