అత్తయ్య గారు పెట్టని సంతకం

నేను తాడేపల్లిగూడెంలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతాను. దెయ్యాలు, చేతబడులు అంటూ వచ్చే పిల్లలకు క్లాసులోనే తలంటే రకాన్ని. వాటిని ఇప్పటికీ నమ్మను. అయినా నా కాన్పు రోజున ఏలూరులో జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. ఎవరికైనా అర్థమైతే సంతోషం.

కాన్పు నొప్పి తెలియకుండా నడుములోకి సూదితో మందు ఎక్కిస్తారని, దాన్ని ఎపిడ్యూరల్ అంటారని ఏడో నెలలోనే తెలుసుకున్నాను. నాకు నొప్పంటే భయం. దాచుకోవడం దేనికి? డాక్టరమ్మ సరేనన్నారు. మా ఆయనా సరేనన్నారు.

తీరా నొప్పులు మొదలైన రోజు మా ఆయన కైకలూరు దగ్గర చేపల చెరువు పట్టుబడి పనిలో ఉన్నారు. వలలు దిగి, ఐసు లారీలు గట్టు మీదకు వచ్చాక చేపల రైతు అక్కణ్ణుంచి కదలడు. మా అమ్మ లేదు. అందుకని ఏలూరు ఆసుపత్రికి నాతో అత్తయ్య గారే వచ్చారు.

పొద్దున పదకొండుకు మత్తు డాక్టరు వచ్చారు. సూదికి ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద నా సంతకంతో పాటు ఇంటి పెద్దల సంతకమూ ఉండాలన్నారు. అది అక్కడి పద్ధతి. అత్తయ్య గారు ఆ కాగితం చదవను కూడా చదవలేదు.

"నేను నలుగుర్ని కన్నానండీ, ఒక్క సూదీ ఎరగను. రేపు నడుం పట్టేస్తే ఇంట్లో చాకిరీ ఎవరు చేస్తారండీ? పడనివ్వండి. నొప్పి పడితేనే బిడ్డ విలువ తెలుస్తుంది," అని పెన్ను వెనక్కి ఇచ్చేశారు.

మా ఆయనకు ఫోను చేస్తే, లారీల రొదలోంచి అమ్మ చెప్పినట్టు చెయ్యమన్నారు. అత్తయ్య గారి చేతులు పట్టుకుని బతిమాలాను. ఆవిడ విడిపించుకుని వరండాలోకి వెళ్లి, బెంచీ మీద కూర్చుని, సంచిలోంచి ఇడ్లీ పొట్లం తీశారు. తెరిచిన తలుపులోంచి నాకంతా కనబడుతూనే ఉంది.

మూడు గంటలు పడ్డాను. ఆ మూడు గంటలూ దేవుణ్ణి తలచుకోలేదు, ఆవిడనే తలచుకున్నాను. ఈ నొప్పి ఆవిడకు రావాలి, ఒక్క పిసరు కూడా తగ్గకుండా రావాలి అని పళ్లు కొరుకుతూ అనుకున్నాను. మనస్ఫూర్తిగా అనుకున్నాను.

రెండుంపావుకు నొప్పి ఆగిపోయింది. పొట్ట రాయిలా గట్టిపడుతోంది, నొప్పులు చూపే మిషను మీద గీత పైకి లేస్తోంది, నాకు మాత్రం ఏమీ తెలియడం లేదు. సరిగ్గా అప్పుడే వరండాలో కేక వినబడింది. అది అత్తయ్య గారి గొంతు.

ఆవిడ నడుం పట్టుకుని నేల మీద దొర్లుతున్నారని నర్సు వచ్చి చెప్పింది. పక్క గదిలో పడుకోబెట్టి బీపీ చూశారు, ఈసీజీ తీశారు, స్కానింగు చేశారు. ఏ లోపమూ కనబడలేదు. ఒక నిమిషం అరుస్తారు, మూడు నిమిషాలు ఊరుకుంటారు. నా మిషను మీద గీత లేచినప్పుడల్లా గోడ అవతల కేక. సైన్సు టీచర్ని కదా, గోడ గడియారం చూసి సరిచూసుకున్నాను. ఏడుసార్లు చూశాను, ఒక్కసారీ తప్పలేదు.

"ఆ సూదేదో నాకు వేయించండమ్మా, మీకు దణ్ణం పెడతాను," అని ఆవిడ ఏడవడం గోడలోంచి స్పష్టంగా వినబడింది. విని నేను సంతోషించాను.

ఎనిమిదోసారి మాత్రం జాలేసింది. పెద్దావిడ, పాపం, అనుకున్నాను. అంతే, నడుం విరిగినంత పనైంది. నొప్పంతా నా మీదికి తిరిగొచ్చింది. అవతల కేక ఆగిపోయింది.

ఇక్కడ అబద్ధం చెప్పొచ్చు, కానీ చెప్పను. ఆ జాలిని నేను వెనక్కి తీసుకున్నాను. ఆవిడ ఇడ్లీ తిన్న తీరు గుర్తు చేసుకుని మరీ తీసుకున్నాను. నొప్పి నన్ను వదిలేసింది. గోడ అవతల కేక మళ్లీ లేచింది, పాప పుట్టేదాకా లేస్తూనే ఉంది.

ఆవిడది గ్యాసు నొప్పి అన్నారు డాక్టర్లు. నాకు బడలికకు ఒళ్లు మొద్దుబారిందన్నారు. గడియారం సంగతి చెబితే నవ్వేశారు.

మూడో రోజు అత్తయ్య గారు పాపను ఒళ్లో పెట్టుకుని, నా వైపు చూడకుండా అడిగారు.

"బాగా నొప్పొచ్చిందా అమ్మా నీకు?"

"లేదండీ అత్తయ్య గారూ," అన్నాను. "చివర్లో అసలు రాలేదండీ."

ఆవిడ పాపను నా పక్కన పడుకోబెట్టి, వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డారు. అప్పటినుంచి నేను ఒక్కదాన్నే ఉన్న గదిలోకి ఆవిడ రారు. రమ్మని నాకూ పిలవాలనిపించదు.