గోళ్ల రంగు చుక్క

అనుమానం ముందు పుట్టి, ఆ తర్వాత ఈ మెకానిక్ పుట్టాడంటారు. టర్బో ఇంజిన్‌లోకి ఎంత గాలి తొయ్యాలో చెప్పే బూస్ట్ కంట్రోలర్ నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పుతాడు. కారును రోడ్డెక్కించి, ఇంజిన్‌లో టకటక వినిపిస్తుందేమోనని ఊపిరి బిగబట్టి వింటాడు. మళ్లీ వెంట్రుకవాసి. సెట్టింగ్ కుదిరాక నాబ్ అంచు, దాని కింది పెట్టె కలిసేచోట భార్య గోళ్ల రంగు ఒక చుక్క పెడతాడు. ఎవరైనా తిప్పితే చుక్క పగులుతుంది, దొంగ దొరుకుతాడు.

నెల కిందట తనే సెట్ చేసి చుక్క పెట్టిన కారు, భార్య తమ్ముడిది, నిన్న పొగ కక్కుతూ వచ్చింది. "ఒట్టు బావా, నేను ముట్టుకోలేదు!" అన్నాడతను. చుక్క చెక్కుచెదరలేదు, బూస్ట్ మాత్రం ఇంజిన్ పేలేంత పెరిగి ఉంది. మెకానిక్ వంగి చుక్కని వాసన చూశాడు. ఇంకా ఘాటు పోలేదు. రంగూ అదే.

ఇంటికెళ్లి భార్యని సీసా అడిగాడు.

"మొన్నే అయిపోయిందండీ."

అతను ఆమె చేతుల వంక చూశాడు. ఒక్క గోరుకీ రంగు లేదు.