తలకిందులుగా పట్టిన పుస్తకం

మా వాడ సర్కారు బడి టీచరమ్మ చనిపోయిందన్న కబురు నాకు వడ్ల దగ్గర తెలిసింది. బాన్సువాడ రోడ్డు పక్కన ఆరబోసిన వడ్లను కాలితో తిరగేస్తున్నాను. కోడలు ఫోన్ చేసింది. "అత్తమ్మా, టీచరమ్మ లేదంట. పొద్దుగాల చాయ్ పెట్టుకుంట కిందవడ్డదంట. దవాఖానకు తీస్కపోయేలోపే..." అని ఆగిపోయింది. ఉన్న మాట చెబుతాను. నాకు ముందు ఏడుపు రాలేదు. ఇగ మా మనవరాలి చదువు ఏంగావాలె అన్న ఫికరే ముందు వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది. వచ్చాక ఆగలేదు.

నేను బడి గడప తొక్కినదాన్ని కాను. నేను చెబుతుంటే పక్కింటి డిగ్రీ పిల్ల రాస్తున్నది. రాసింది మళ్లీ చదివించుకుని వింటున్నాను. ఒక్క మాట మార్చినా ఊరుకోను. ఆమె ఎలాంటి మనిషో నలుగురికి తెలియాలి. ఆమె పోయాక మా ఇంట్లో పడ్డ గుబులు కూడా తెలియాలి. ఇది మా ఒక్కరి ఇంటి గుబులు కాదు.

ఆమె పొద్దున బడికి పోతూ మా సందులో స్కూటీని నిదానంగా నడిపేది. ముందురోజు ఎగ్గొట్టిన పిల్లల పేర్లు బండి ఆపకుండానే గట్టిగా పిలిచేది. పేరు వినపడగానే ఇంట్లోంచి చెంబు పడ్డ చప్పుడో, తల్లి అరిచిన చప్పుడో వచ్చేది. ఆమె సందు దాటేలోపు పిల్లలు సంచులు ఈడ్చుకుంటూ వెనక పడేవాళ్లు. తురకవాళ్ల ఇల్లయినా, మాలవాళ్ల ఇల్లయినా గుమ్మంలో చెప్పులు విడిచి, ముందు నీళ్లు అడిగి తాగేది. మాట తర్వాత. చీర కుచ్చిళ్లకు ఎప్పుడూ సుద్దపొడి. దులుపుకోవమ్మా అంటే, "మళ్ల అంటేదే గదవ్వా" అనేది.

ఏటా బడులు తెరిచే ముందు బడిబాట అని సర్కారు టీచర్లు ఇల్లిల్లూ తిరిగి, పిల్లలను తమ బడిలో వేయమని అడుగుతారు. నిరుడు అలాగే మా ఇంటికి వచ్చింది. మా మనవరాలు అప్పటికే ప్రైవేటు బడికి పోతున్నది. మెడకు టై, నడుముకు బెల్టు, సందు చివర పచ్చరంగు వ్యాను. నాకేమో గర్వం. "మా పిల్ల ఇంగ్లీషు గడగడ చదువుతది, జర ఇను" అని పుస్తకం తెచ్చి పిల్ల ముందు తెరిచి పట్టాను. పిల్ల చేతులు కట్టుకుని గుక్క తిప్పుకోకుండా చదివింది.

టీచరమ్మ నవ్వలేదు. "అవ్వా, పుస్తకం తలకిందులు వట్టినవ్" అన్నది మెల్లగా.

"నాకేం ఎర్క బిడ్డా? నాకు ఎటు జూసినా ఒక్కతీరే" అన్నాను.

"నువ్వు వట్టుడు తప్పు గాదవ్వా. పిల్ల ఆగలె, చూసినవా? పిల్లకు గూడ ఎటు జూసినా ఒక్కతీరే ఉన్నది."

నేను పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

అంతలో కోడలు వచ్చింది. కోడలు బట్టల దుకాణంలో పనిచేస్తుంది. జరిగింది విని మొహం ఎర్రగా చేసుకుంది. "నేను సర్కారు బళ్లెనే చదివిన మేడం. ఏమైన? చీరలు మడతపెడుతున్న. ఇంగ్లీషు వచ్చిన పిల్లను కౌంటర్ల కూసోవెట్టిండు సేటు. నా బిడ్డ మడతలు పెట్టద్దు." అక్కడితో ఆగితే బాగుండేది. "అయినా మీ పిల్లలు ఏ బళ్లె చదివిన్రు మేడం?" అని కూడా అనేసింది.

నేను కోడలిని కసరబోయాను. టీచరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అడగనియ్యవ్వా. పెద్దోన్ని ప్రైవేటుల ఏసిన. చిన్నదాన్ని నా బళ్లెనే ఏసుకున్న. పెద్దోనప్పుడు నాకు గూడ నీ లెక్కనే భయమాయె బిడ్డా" అన్నది. ఇంకో మాట కూడా అన్నది: "ఆ బడి చెడ్డదని నేననను. ఏ బళ్లె ఏసినా పిల్ల ముందట పుస్తకం తిప్పి పట్టి చూడు. ఇటు మర్లేసి చదివిందా, మంచి బడి. అంతే."

కోడలు వినలేదు. పిల్ల ఆ ఏడాదంతా వ్యానులోనే పోయింది. టీచరమ్మ కూడా వదల్లేదు. సాయంత్రం ఇంటికి పోతూ మా అరుగు దగ్గర బండి ఆపేది. సంచిలోంచి సుద్దముక్క తీసి గచ్చు మీద ఒక అక్షరం రాసి, దాని మీద పిల్ల చేత వేలు తిప్పించేది. చాయ్ ఇస్తే సాసరులో పోసుకుని, అది చల్లారేలోపు పాఠం అయిపోయేది. నేను ఆ సుద్దగీతల మీద నీళ్లు చల్లకుండా పక్కనుంచి ఊడ్చేదాన్ని. ఎండలు ముదిరేసరికి పిల్ల కిరాణా కొట్టు బోర్డు దగ్గర ఆగి, కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. అది చూసి కోడలే మెత్తబడింది. "ఈసారి బడి తెరిచినంక మీ దగ్గరికే పంపుత మేడం" అని మాట ఇచ్చింది.

మాట తీసుకున్న మనిషి ఎండాకాలం దాటలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో అన్నం సయించలేదు. "ఆమెను చూసే కదా అత్తమ్మా ఒప్పుకున్నది. ఇప్పుడు ఎవలను చూసి పంపాలె?" అంటుంది కోడలు. కోడలు అన్నదాంట్లో తప్పేముంది? ఆ బడిలో ఇద్దరే టీచర్లు. ఇప్పుడు మిగిలింది ఒక్క సారు. అన్ని తరగతులను ఒక్క మనిషి ఎట్ల చూస్తాడు? పిల్లలు తగ్గితే బడే మూసేస్తారని సందులో అనుకుంటున్నారు. పోనీ వ్యాను ఎక్కిద్దామంటే, చేతులు కట్టుకుని చదివిన పిల్ల మొహం కళ్లముందు నిలుస్తుంది. కొడుకు ట్రాక్టరు మీద కోటగిరి వైపు పనికి పోతాడు. "మీరిద్దరు ఏదంటే అదే" అని తప్పించుకున్నాడు. నేను ఎవరి మీదైనా అరుస్తాను. ఈ విషయంలో ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఏ ఆఫీసు ముందు కూర్చోమన్నా కూర్చుంటాను, టీచరమ్మ కుర్చీలోకి ఇంకో టీచరును పంపిస్తే చాలు.

బడి తెరిచే ముందు సాయంత్రం కోడలు పనినుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా, అటక మీదినుంచి ఎవరిదో పాత పుస్తకం తీసింది. పిల్ల ఎన్నడూ చూడనిది. తెరిచి పిల్ల ముందు పట్టింది. కావాలనే తలకిందులుగా పట్టిందని అప్పుడు నాకు తెలియదు. పిల్ల నోరు తెరవలేదు. అంతలో పిల్ల రెండు చేతులా పుస్తకం అందుకుని తిప్పింది. "అమ్మా, నువ్వు గూడ నానమ్మ లెక్కనే తలకిందులు వట్టినవ్" అని నవ్వి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. తడబడుతూ, ఆగుతూ, వెనక్కి పోతూ. అంత మెల్లని చదువు నేనెన్నడూ వినలేదు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పొద్దున వ్యాను వచ్చి హారన్ కొట్టింది. కోడలు సందు చివరకు పోయి, "అన్నా, ఇగ మా పిల్ల రాదు" అన్నది. వెనక్కి వచ్చి, "దసరా దాక చూస్త అత్తమ్మా. ఇంకో టీచర్ రాకుంటే మళ్ల నన్ను ఏమనద్దు" అన్నది. దసరా దాకా నాకూ నిద్ర పట్టదు.

పిల్లను వెంటబెట్టుకుని బయలుదేరాను. వ్యాను పోయాక సందంతా చప్పుడు లేకుండా ఉంది. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. అక్షరాలు రాకపోయినా, ఏళ్ల తరబడి విన్నదాన్ని, టీచరమ్మ పిలిచే ఆ పేర్లు నాకు వచ్చు. ఒక్కో ఇంటి ముందు ఆమె పిలిచినట్టే గట్టిగా పిలిచాను. ఒక ఇంట్లో చెంబు పడింది. ఇంకో ఇంట్లో తల్లి అరిచింది. మూలమీది ఇంటి తలుపు తెరుచుకోలేదు. అక్కడే నిలబడి మళ్లీ పిలిచాను.