పక్కింటావిడ పుట్టగొడుగుల కూర

నా చిన్నప్పుడు, 1951 జూలై 22, ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు నేనొక తెలివి నేర్చుకున్నాను. ముందు రోజే మా తమ్ముడి బారసాల జరిగింది కాబట్టి తేదీలో పొరపాటు లేదు. వాన వెలిసింది. మా పొలంలో పనికి వచ్చే ఒకావిడ అరిటాకులో పుట్టగొడుగులు కట్టి పెరటి గుమ్మం దగ్గరికి తెచ్చింది. మా ఇంట్లో అవి వండరు. అయినా మా అమ్మమ్మ రెండు చేతులా అందుకుని, "ఎంత ముచ్చటగా ఉన్నాయే! ఈ పూటే వండిస్తా" అంది. ఆవిడ సందు మలుపు తిరగ్గానే తీసుకెళ్ళి పెంటకుప్పలో పూడ్చేసింది. నోరు తెరుచుకుని చూస్తున్న నాతో, "వద్దంటే దాని మనసు నొచ్చుకుంటుంది, తింటే మన మడి పోతుంది. ఎవరికీ నష్టం లేకుండా చేశానా లేదా?" అని నవ్వింది. మరుసటి ఏడు ఆవిడ రాలేదు. పుట్టగొడుగులు మొలవలేదేమో అంది అమ్మమ్మ. నేను నమ్మాను. పెద్దయ్యాక ఆ తెలివిని చాలాచోట్ల వాడాను.

2013లో మావారు పోయాక ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. అమ్మాయికి హాస్పిటల్ డ్యూటీలు, అల్లుడికి ఆఫీసు, మనవరాలికి స్కూలు. పగలంతా నాతో మాట్లాడే మనిషి పక్కింటి తైవాన్ ఆవిడ ఒక్కతే. నాకంటే రెండేళ్ళు చిన్న. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే. కంచెకు అటు ఆవిడ, ఇటు నేను నిలబడి పిల్లల గురించీ మోకాళ్ళ గురించీ చెప్పుకునేవాళ్ళం. నా మోకాళ్ళ సంగతి తెలిసి, ప్రతి మంగళవారం మా చెత్త బిన్ కూడా ఆవిడే రోడ్డు మీదికి లాగిపెట్టేది.

2014 మార్చి నుంచి నెలకొక డబ్బా ఇచ్చేది. నల్లగా మెరిసే పుట్టగొడుగుల కూర. "నో మీట్, నో ఫిష్" అని ఆవిడ ప్రతిసారీ చెప్పేది. "వెరీ టేస్టీ" అని నేనూ ప్రతిసారీ చెప్పేదాన్ని. వాళ్ళ గిన్నెల్లో ఏమేం ఉడికాయో అని నా అనుమానం. ఎవరూ చూడకుండా కవరులో చుట్టి బిన్‌లో వేసేదాన్ని.

2017 జూన్ 13, మంగళవారం, ఉదయం ఏడుంబావు. కిటికీలోంచి చూస్తున్నాను. ఆవిడ లాగుతున్న మా బిన్ చక్రం మెట్టుకు తగిలి ఒరిగిపోయింది. కవరు చిరిగి కూరంతా నేల మీద పడింది. ఆవిడ కాసేపు వంగి చూసింది. తర్వాత ఒక్కొక్క ముక్కా చేత్తో ఏరి బిన్‌లో వేసి, ఆ బిన్‌ను రోడ్డు దాకా తీసుకెళ్ళి పెట్టి, తలెత్తకుండా వెళ్ళిపోయింది. పక్కన టోస్ట్ తింటున్న మనవరాలు, "అమ్మమ్మా, యూ టోల్డ్ హర్ యూ లవ్డ్ ఇట్!" అంది. "నువ్వు స్కూలుకు పో" అన్నాను.

సాయంత్రం నాలుగింటికి ఆ పిల్లనే వెంటబెట్టుకుని క్షమించమని అడగడానికి వెళ్ళాను. ఆవిడ కుర్చీ చూపించి పొయ్యి వెలిగించింది. ఒక మూకుడు ఎత్తి చూపించి మనవరాలితో ఏదో చెప్పింది. "దట్స్ యువర్ పాన్, అమ్మమ్మా. షీ ఓన్లీ కుక్స్ యువర్స్ ఇన్ ఇట్."

ప్రతి సీసా నా ముందు పెట్టి, వేలితో చూపించి, ఆ తర్వాతే వాడింది. నువ్వుల నూనెలో అల్లం చక్రాలు అంచులు ముడుచుకునేదాకా వేయించింది. లావుపాటి పుట్టగొడుగుల కాడలు ఏటవాలుగా కోసి వేసి, రెండువైపులా ఎర్రబడేదాకా కదపలేదు. సోయా సాస్, చిటికెడు పంచదార, కాసిని నీళ్ళు. పులుసు ఇగిరి ముక్కకు పట్టాక, తులసిలాంటి ఆకు గుప్పెడు వేసి దించింది. ఉల్లిపాయ ఏదని అడిగాను. ఆవిడ ఉల్లి, వెల్లుల్లి పుట్టి బుద్ధెరిగి ముట్టలేదట. నేను ఆ మధ్యాహ్నమే ఉల్లిపాయ పులుసు తిని వచ్చాను.

కూర పళ్ళెంలో పెట్టుకుని, నా ఎదురుగా కూర్చుని, ఆఖరి ముక్క దాకా తనే తినేసింది. నాకు పెట్టలేదు. వద్దని ఒక్కసారి చెప్పి ఉంటే టీ ఇచ్చేదాన్ని కదా అని మాత్రం మనవరాలితో చెప్పించింది.

మళ్ళీ డబ్బా రాలేదు. సెప్టెంబరులో ఆవిడ కొడుకు దగ్గరికి, లండన్ పక్క క్రోయిడన్‌కు వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎవరేమిచ్చినా, తిననిదైతే తిననని గుమ్మంలోనే చెప్పేస్తున్నాను. ఆ కూర నేనే వండుతున్నాను. ఇంట్లో అందరూ బాగుందంటారు. ఆవిడ చేతి రుచి వచ్చిందో లేదో చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఇంట్లో ఎవరూ లేరు, నాతో సహా.

2014 మార్చి నుంచి 2017 జూన్ దాకా నలభై నెలలు. నేను ఇండియా వెళ్ళిన రెండు నెలలు తీసేస్తే ముప్పై ఎనిమిది. పోయినవి ముప్పై ఎనిమిది డబ్బాల కూర, ఈ దేశంలో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు.